కడిగిన ఇంటికి సాయం లేదట

కళింగపట్నంలో మా మేనత్త ఇంట్లోకి మొన్న వంశధార వరద నడుంలోతు వచ్చింది. నీళ్లు తగ్గాక ఆవిడ బురదంతా ఎత్తిపోసి ఇల్లు కడుక్కుంది. ఈ రోజు వరద సాయానికి నష్టం చూడటానికొచ్చిన అధికారి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇల్లు బాగానే ఉందిగా! నీళ్లొచ్చిన గుర్తేదమ్మా?"

"కడిగీసినాను బాబూ. మా ముసిలాయన మంచం మీంచి లేవలేడు. బురదలోనే ఉంచీమంటారేటి?"

"ఆనవాలు లేకపోతే నేనేం రాయను?" అంటూ వెళ్లిపోయాడు. ఉబ్బిన తలుపులు చూపిస్తున్నా వినలేదు.

సాయంత్రానికి వీధిలో అందరూ చీపుళ్లు పక్కన పడేశారు. అధికారి తమ ఇంటికొచ్చేదాకా బురద తీయరట. మీరైతే వాళ్లకు ఏమని చెప్పేవారు?