వెనక ఇరుసు కూత

ఆ రోజు నేను వేలు ఎత్తకుండా ఉండాల్సిందా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలడం లేదు.

పర్చూరులో మా ఇంటికి ఎదురుగా అబ్దుల్ ఖాదర్ షెడ్డు ఉంది. రంగులూ, సొట్టలూ ఖాదర్ చూసుకుంటాడు. బండి కింద పనంతా మెకానిక్ యలమందది. వెనక చక్రాల్ని కలిపే ఇరుసు, దాని నడుమ ఇనప బుర్రలో తిరిగే పళ్ళచక్రాలు, వాటి బాగోగులు చూడాలంటే ఈ చుట్టుపక్కల యలమందే. చిలకలూరిపేట నుంచి కూడా వచ్చేవాళ్ళు. బండి ఇంకా మలుపు తిరగకముందే, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, "ఎడమ చక్రం బేరింగు పోయింది" అనేవాడు. విప్పితే అదే అయ్యేది.

రిటైరయ్యాక పొద్దున్నే పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చోవడం నాకు అలవాటు. పేజీ తిప్పే మధ్యలో కళ్ళు షెడ్డు మీదికి పోతాయి. ఈమధ్య యలమందలో ఏదో మారిందని అట్లాగే కనిపెట్టాను. వెనకనుంచి పిలిస్తే తిరిగేవాడు కాదు. మాట్లాడుతుంటే మన నోటి వంకే చూసేవాడు. ఇదివరకు ఇనప కడ్డీ ఒక కొన బండికి ఆనించి రెండో కొన చెవి దగ్గర పెట్టుకుని లోపలి చప్పుడు వినేవాడు. ఇప్పుడు ఆ కొనను పళ్ళతో కరిచి పట్టుకుంటున్నాడు.

"ఒరేయ్, ఆకలేస్తే ఇడ్లీ తెప్పిస్తా గానీ ఆ ఇనుం తినమాకురా!" అని ఖాదర్ ఎగతాళి చేసేవాడు.

"నీ ఇడ్లీ కంటే ఇదే మెత్తగా ఉంటది లేరా" అనేవాడు యలమంద.

అందరూ నవ్వేవాళ్ళు. చెవికి అందని చప్పుడు పంటి ఎముకలోంచి లోపలికి పోతుందని నాకు తట్టింది. అడగలేదు. అతనూ చెప్పలేదు.

అప్పుడొచ్చింది బాపయ్య బండి. బాపయ్యది ఇంకొల్లు వైపు పల్లె. మిరప, పత్తి వేస్తాడు. ఏడుగురు కూర్చునే పెద్ద బండి కొని, దాన్ని ట్రాక్టరు తిప్పినట్టు చేలల్లో తిప్పుతాడు. వెనక సీట్లు మడిచి మిరపకాయ టిక్కీ బస్తాలు కూడా కుక్కుతాడు. వేగం అందుకుంటే వెనకాల ఏదో కూస్తోందని తెచ్చాడు. యలమంద ఒక చుట్టు తిప్పి వచ్చి టైర్లన్నాడు. టైర్లు మార్చారు. కూత పోలేదు. బేరింగన్నాడు. అదీ మార్చారు. పోలేదు.

మూడోసారి బాపయ్య బండి దిగుతూనే అరిచాడు. "ఏవయ్యా యలమందా! రోడ్డెక్కితే మా బర్రెగొడ్లు తలలెత్తి చూస్తన్నాయి. ఇంకేం మారుస్తావు, నన్నా?"

షెడ్డు ముందు ఇంకో ఇద్దరు బండ్లతో నిలబడి ఉన్నారు. ఈసారి తప్పితే తన మాట ఇక చెల్లదని యలమందకు తెలుసు. రోడ్డు దాటి మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, ఒక్క తిప్పు మాతో వస్తారా?"

"నాకేం తెలుసయ్యా బండ్ల గురించి?"

"తెలవక్కర్లేదండీ. కూత వినపడితే వేలెత్తండి, ఆగిపోతే దించండి. అద్దంలో చూసుకుంటా." కాస్త ఆగాడు. "మీరైతే ఎవరితోనూ అనరు."

చిలకలూరిపేట రోడ్డు పట్టాం. బాపయ్య ముందు సీటులో కూర్చుని పత్తి రేటు గురించి గోల. నేను వెనక. రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, గొంతు గరగరలాడుతోంది. వేగం పెరిగింది. వెనకనుంచి సన్నగా, ముక్కుతో ఆలపించినట్టు కూత. వేలెత్తాను. యలమంద యాక్సిలేటరు మీంచి కాలు తీశాడు. ఆగింది. దించాను. మళ్ళీ తొక్కాడు. ఎత్తాను. మలుపుల్లో అటూ ఇటూ తిప్పి చూశాడు, కూత మారలేదు.

"మాస్టారేంటి, తాళం వేస్తన్నారు?" అన్నాడు బాపయ్య వెనక్కి తిరిగి.

"పాతపాటేదో గుర్తొచ్చిందిలే" అన్నాను.

షెడ్డుకు వచ్చాక యలమంద మొహంలో పాత వెలుగు కనపడింది. "చక్రాలు కాదండీ. చక్రమైతే మలుపులో కూత మారాలి. బరువు లాగినప్పుడే కూస్తంది, వదిలేస్తే ఊరుకుంటంది. లోపలి పళ్ళే." బండిని స్టాండ్ల మీదికెత్తి, ఇంజను ఆన్ చేయించి, కడ్డీ కరిచి ఆ ఇనప బుర్రకు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. తల ఊపాడు.

నూనె బిరడా విప్పితే చుక్క కారలేదు. నూనె కారకుండా ఆపే సీలు చుట్టూ నల్లగా జిడ్డు. పైన గాలి పోయే సన్న గొట్టం ఉంటుంది. దాని మూతి చూసి ఆశ్చర్యపోయాడు. వేళ్ళతో లాగితే పత్తి. గట్టిగా కుక్కిన పత్తి.

"ఇదెవరు పెట్టారండీ?"

"నేనే! చేలో దిగితే నల్లరేగడి బురద లోపలికి పోద్దని పెట్టా. మన చేలో పత్తే, మంచి రకం" అన్నాడు బాపయ్య గర్వంగా.

"బురద పోలేదండీ. గాలీ పోలేదు. వేడెక్కిన గాలి బయటికి దారిలేక నూనెని సీల్లోంచి తోసేసింది. ఎండిపోయి పళ్ళు అరిగినయ్."

బాపయ్య నోరు తెరిచి ఖాదర్ వంక చూశాడు. ఖాదర్ పకపకా నవ్వాడు. "మీ పత్తి మంచి రకమే బాపయ్యగారూ, బాగా పట్టింది!"

కొత్త పళ్ళచక్రాలు తెప్పించి యలమంద చాలా ఓపిగ్గా కూర్చాడు. రంగు పూసి తిప్పి, పళ్ళు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకుని, సందు సరిచేసే సన్న రేకులు తీసి పెట్టి, పెట్టి తీసి, బిగించాడు. ఆ పనికి చివరి పరీక్ష మాత్రం రోడ్డు మీదే, చెవితోనే.

ఈసారి బాపయ్య భార్య గురవమ్మ కూడా ఎక్కింది. బండి ఊరు దాటింది. వేగం అందుకుంది.

"హమ్మయ్య, ఏమీ లేదయ్యా! మెత్తగా పోతంది" అంది గురవమ్మ.

"చెప్పానుగా, యలమంద చెయ్యి పడాలంతే!" అన్నాడు బాపయ్య.

నాకు మాత్రం వినపడింది. ముందటంత కాదు. ఎక్కడో దూరంగా దోమ పాడినట్టు. వాళ్ళ మాటల్లో కలిసిపోయే పాటి కూత. అద్దంలో యలమంద కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి. కొన్నాళ్ళు తిరిగితే అదే సర్దుకుంటుందేమో, నాకు తెలియదు. వినపడితే ఎత్తమన్నాడు. ఎత్తాను.

అతను కాలు తీశాడు. దించాను. తొక్కాడు. ఎత్తాను. మరి అద్దంలోకి చూడలేదు. బండి నెమ్మదిగా తిప్పి షెడ్డు ముందు ఆపాడు.

"బాపయ్యగారూ, కూత ఇంకా ఉందండీ. సన్నగా ఉంది."

"ఎక్కడుందయ్యా? మాకు లేదంటుంటే!"

"ఉంది. మాస్టారికి వినపడింది. నాకు వినపడదు." షెడ్డులో సుత్తి మోత ఆగింది. "చాన్నాళ్ళయింది నాకు వినపడక. ఒంగోల్లో వేరే మనిషి చేత విప్పించండి. రేకుల్లో వెంట్రుకవాసి తేడా ఉంది, అది చెవికే తెలుస్తది."

"ఏరా, ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు ఖాదర్. యలమంద అతని నోటి వంక చూడటం లేదు.

"నీ మొహం, నాకు ఇదే బాగుంది. నే తీసుకుపోతా" అంటూ బాపయ్య భుజం తట్టబోయాడు. యలమంద తాళాలు అతని చేతిలో పెట్టి, సబ్బుపొడితో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. కడ్డీ అక్కడే వదిలి, అన్నం క్యారియరు ఒక్కటే తీసుకున్నాడు. అతని కూతురు చీరాల్లో ఉంటుంది.

నేను ఏదో అనాలని దగ్గరికి వెళ్ళేలోపు రోడ్డు దాటాడు. చీరాల ఆటో నిండుగా వచ్చి ఆగింది. లోపలివాళ్ళు కాస్త సర్దుకుని చోటిచ్చారు. ఎక్కి కూర్చున్నాడు, ఆటో వెళ్ళిపోయింది.