డబ్బాతో మాట్లాడనన్న లింగమ్మ

కొత్తవాడ జంపఖానాల నేతింట్లో పుట్టిన పద్మలత, జర్మనీ నుంచి వచ్చిన మార్టిన్‌ని పెళ్లాడి పదకొండేళ్లయింది. ఇద్దరూ కలిసి నాలుగు డాక్యుమెంటరీలు తీశారు. కలిసి అంటే, మార్టిన్ కెమెరా పట్టుకుంటాడు. ములుగు అడవులకు జీపు మాట్లాడటం, మనుషుల్ని ఒప్పించడం, ప్రశ్నలడగటం, జవాబులు ఇంగ్లీషులో పెట్టడం, అయ్యగారికి కారం తగలని కూర వెతకడం పద్మలత పని. పాపం, కెమెరా బరువు కదా. తెర మీద దర్శకుడు మార్టిన్. ఆవిడ పేరు ‘కృతజ్ఞతలు’ కింద, జీపు డ్రైవరు తర్వాత వస్తుంది.

ఐదో సినిమాకు దర్శకత్వంలో తన పేరూ ఉండాల్సిందేనని పద్మలత పట్టుబట్టింది. మార్టిన్ ఎంతో ప్రేమగా నచ్చజెప్పాడు. “సినిమాలో నీ గొంతే వినిపించదు కదా” అన్నాడు. ఆ గొంతును ప్రతిసారీ కత్తిరించేది తనేనన్న సంగతి ఆ మహానుభావుడికి గుర్తు రాలేదు. పద్మలతకు ఒళ్లు మండిపోయింది.

ఈసారి సినిమా లింగమ్మ మీద. డెబ్బై ఏళ్లొచ్చినా మగ్గం వదలని మనిషి, పద్మలతకు పెద్దమ్మ వరస. మార్టిన్ మగ్గం ముందు కెమెరా బిగించాడు. పద్మలత దాని పక్కనే నేల మీద కూర్చుని మొదటి ప్రశ్న అడిగింది. లింగమ్మ ఆమె వైపే తిరిగింది.

“మీ పెద్దనాయిన పోయినంక నెలకే మళ్ల మగ్గం మీద కూసున్న, బిడ్డా పద్మా. నువ్వప్పుడు బడికి పోతాంటివి, యాదికున్నదా?”

మార్టిన్ ఆపాడు. పద్మ పేరు వద్దు, పద్మ వైపు ఆ చూపూ వద్దు, కెమెరాను చూస్తూ మళ్లీ చెప్పమన్నాడు. లింగమ్మ మళ్లీ పద్మకే చెప్పింది. ఇలా ఆరుసార్లు.

“పెద్దమ్మా, జర కెమెరాను చూసుకుంట చెప్పు” అంది పద్మలత నీరసంగా.

“మీరు ఇంతకుముందు మన వాడకట్టు రాజమౌళిని తీసిన సినిమా ఫోన్ల చూసిన. పిచ్చోని లెక్క గోడతోని మాట్లాడుతాండు. అడిగినదానివి నువ్వేడ పోయినవ్? నేను డబ్బాతోని మాట్లాడ. నువ్వు కనవడకుంటే, ఇగ లేచి వంట చేసుకుంట.”

ఏమందని మార్టిన్ అడిగాడు. ఇన్నాళ్లూ ఇలాంటివి మెత్తగా మార్చి చెప్పిన పద్మలత, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది. తనదీ అదే మాట అంది. ప్రపంచ సంస్కృతులను అర్థం చేసుకోవడానికే పుట్టిన మనిషి చివరికి ఇద్దరూ పట్టేలా కెమెరాను వెనక్కి జరిపాడు.

సినిమా పూర్తయ్యాక పద్మలత లింగమ్మ ఇంట్లో లాప్‌టాప్ తెరిచింది. పద్మలతను తెర మీదికి తేవడం తన ఆలోచనేనని మార్టిన్ అప్పటికే అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. ఇప్పుడు ఆవిడ గొంతు వినిపిస్తోంది మరి, దర్శకత్వం కింద రెండు పేర్లు పడ్డాయి.

లింగమ్మకు చదువు రాదు. “నీ పేరేదే?” అని అడిగింది.

పద్మలత వేలు పెట్టి చూపించబోయింది. ఏడుపొచ్చి ఆగిపోయింది.

“పైనదా, కిందదా?”

“పైనదే, పెద్దమ్మా.”