అగ్గిపెట్టె బగ్

2022 వేసవి. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక చిన్న గేమ్ కంపెనీలో నేను క్యూఏ లీడ్‌ని. అంటే ఆట జనంలోకి వెళ్ళకముందే ఆడి తప్పులు పట్టేవాళ్ళకు పెద్దని. ఆ ఏడు మా చేతికి ముప్పయ్యేళ్ళ నాటి గ్రాఫిక్ అడ్వెంచర్ గేమ్ ఒకటి వచ్చింది. బొమ్మలకు మెరుగులు దిద్ది, కొత్త కంప్యూటర్లలో నడిచేలా చేసి మళ్ళీ విడుదల చేయాలి.

మంచి ఆట, అబద్ధమెందుకు! గడియారాలు బాగుచేసే మనిషి ఒకడు తప్పిపోయిన చెల్లెలిని వెతుక్కుంటూ పడవెక్కి దీవికి వెళ్తాడు. తెర మీద దేన్ని క్లిక్ చేసినా ఏదో ఒకటి అంటాడు. ఖాళీ పీపాను క్లిక్ చేస్తే ఒక విసురు, మళ్ళీ చేస్తే ఇంకో విసురు. రేవు, పొగమంచు, దీపాలు అన్నీ చేత్తో వేసిన బొమ్మలే. తుపాకీ లేదు, తొందర లేదు. బుర్ర పెట్టి ఆడాలి, అంతే.

కానీ దాంట్లో ఒక దిక్కుమాలిన లోపం ఉంది. మొదటి సీన్‌లో బల్ల మీద అగ్గిపెట్టె ఉంటుంది. అది తీసుకోకుండా పడవెక్కితే వెనక్కి రాలేం. గంటల తరబడి ఆడాక, చివరి గుహలో దీపం వెలిగించాలి. అగ్గిపెట్టె ఉండదు. ఓడిపోయావని ఆట చెప్పదు. ఊరికే తిరుగుతూ ఉంటాం. దీన్నే మేం డెడ్ ఎండ్ అంటాం.

దాన్ని పట్టింది స్రవంతి. వరంగల్ పిల్ల, హెచ్‌1బి వీసా మీద మా టీమ్‌లో చేరి ఏడాది. తప్పును నమోదు చేసే బగ్ టికెట్ రాసి సివియారిటీ 'క్రిటికల్' అని పెట్టింది. సివియారిటీ అంటే తప్పు ఎంత పెద్దదో చెప్పే గుర్తు. క్రిటికల్ అంటే రిలీజ్ ఆగాల్సిందే; 'లో' అంటే రిలీజయ్యాక ప్యాచ్ అనే అతుకు వేసి సరిచేసుకోవచ్చు. మందు కూడా తనే చెప్పింది.

"పడవ ఎక్కేముందు హీరోతోని 'ఏదో మర్చిపోయిన' అని ఒక్క మాట అనిపిస్తే చాలన్నా."

ఆట పని మొత్తం నడిపించే ప్రొడ్యూసరేమో రిలీజ్ డేట్ అంటూ నా పీక మీద కూర్చున్నాడు. నా గ్రీన్‌కార్డ్ ఫైలు ఆ కంపెనీ చేతిలోనే ఉంది. బ్రేక్‌రూమ్‌లో టీ కలుపుకుంటూ స్రవంతితో అన్నాను.

"దాన్ని 'లో' అని మార్చెయ్యమ్మా. రిలీజయ్యాక ప్యాచ్‌లో చూద్దాం."

"మెయిల్ పెడ్తరా అన్నా?"

"మనలో మనకు మెయిలేంటమ్మా? నేనున్నా కదా!"

పాపం, నమ్మి మార్చింది.

రిలీజైన వారానికే గుహలో ఇరుక్కున్నవాళ్ళంతా దుమ్మెత్తిపోశారు. మీటింగ్ పెట్టారు. ప్రొడ్యూసర్ ఆ టికెట్‌ను తెర మీద వేశాడు. క్రిటికల్‌ను 'లో' చేసింది స్రవంతి అని పేరుతో సహా కనబడుతోంది. ఎవరు మార్చమన్నారని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను లాప్‌టాప్‌లోకి చూశాను. అన్నా అని పిలిచిన మనిషి పేరు నలుగురిలో ఎలా చెప్తుంది? "ఐ చేంజ్డ్ ఇట్" అంది.

శుక్రవారం ఆమెను తీసేశారు. తర్వాతి వారం ఆమె చెప్పిన ఆ ఒక్క మాటనే ప్యాచ్‌లో పెట్టాం. ఒక పూట పని. హెచ్‌1బి వాళ్ళకు ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదా దేశం వదిలి వెళ్ళాలి. తెలిసినవాళ్ళందరికీ ఆమె రెజ్యూమే పంపాను. దొరకలేదు.

ఆమె ఇండియా వెళ్ళేముందు రోజు వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. సూట్‌కేసులు సర్దుకుంటోంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నన్ను తిట్టమ్మా" అన్నాను.

"తిట్టి ఏం చేస్తనన్నా? నాకు తెలుగుల చెప్పిన మాటనే ఆ రోజు మీటింగ్‌ల ఇంగ్లీష్‌ల చెప్తే అయిపోతుండె."

ఇప్పుడు నా టీమ్‌లో ఎవరికి ఏం చెప్పినా మెయిల్‌లో రాస్తాను. మంచి పద్ధతని కొత్తవాళ్ళు మెచ్చుకుంటారు. ఛీ, పద్ధతిదేముంది! నోరుండీ మాట్లాడలేదు, అదీ నా తప్పు. నాకు బుద్ధి వచ్చింది, ఉద్యోగం మాత్రం ఆ పిల్లకు పోయింది.