ఒంటిగంట నుంచి రెండింటి దాకా

“రాసింది రాసినట్టు నడవాలె. ఒంటిగంటకు నేను కూసుంట, అంతే.”

“నువ్వు కూసుంటే వచ్చినోళ్లకు ఎవరు పెడతరే? లేబర్ సాబ్ పెడతడా?”

“నన్ను నౌకర్‌ను చేసింది నువ్వే గద. నౌకర్‌కు ఏం రావాల్నో అది ఇయ్యి.”

“కాగితం కోసం రాయించిన. నీ తలకెక్కుతదని నాకేమెరుక?”

దీపాలు పెట్టే వేళ, బస్తర్ ఇనుప గనుల ఊరు కిరండూల్ బజారులో మా భోజన హోటల్ చెక్క తలుపులు సగం మూసి, నేనూ మా ఆయనా అనుకున్న మాటలివి. అప్పటికి పెళ్ళై రెండో ఏడు, మా పెద్దవాడు కడుపులో ఉన్నాడు. మాకు పోట్లాడుకోవడానికి కూడా పొయ్యి ఆరిన తరువాతే తీరిక దొరికేది.

ఆ రోజుల్లో హోటల్ నడపడం ఒక ఎత్తు, హోటల్ గోడను నడపడం ఒక ఎత్తు. దుకాణం పెట్టినవాళ్ళకు సర్కారు ఇచ్చే గుమాస్తా లైసెన్స్ అని ఒకటి ఉండాలి, దానికి అద్దం కట్టించి తగిలించాలి. దాని పక్కన సెలవు ఏ రోజో చెప్పే పలక, దాని పక్కన తెరిచే వేళ, మూసే వేళ, నౌకర్ల పేర్లు, వాళ్ళ విశ్రాంతి వేళ. గనుల లారీ పోయినప్పుడల్లా అవన్నీ గోడకేసి టపటప కొట్టుకునేవి. వాటి మీద పడ్డ ఎర్రదుమ్ము దులపడం నా పని. దేవుడి పటానికి గోడ మీద చోటు లేక పిండి డబ్బా మీద పెట్టాను. (దేవుడు ఏమీ అనుకోలేదు. ఆయన మీద ఇన్‌స్పెక్టర్లు లేరు.) ఏటేటా వాటిని కొత్త చేయించడానికి మా ఆయన దుకాణం మూసి దంతెవాడ ఆఫీసుకు పోయేవాడు. దుకాణం పద్ధతిగా తెరుస్తున్నామని ముద్ర వేయించుకోవాలంటే ఆ రోజు దుకాణం మూయాలన్నమాట. మూసిన రోజు పాలు విరిగితే ఆ నష్టం ఏ పలక మీదా ఉండదు.

ఈ కాగితాలు నింపే పెద్దమనిషిని బజారంతా సైకిల్ మున్షీ అనేది. నౌకర్ పేరు అన్న గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు కాగితం తిప్పి పంపుతారని ఆయన భయపెట్టాడు. మాకు నౌకర్ ఎక్కడిది? మా ఆయన అటూ ఇటూ చూశాడు. వెనక గిన్నెలు తోముకుంటున్న నేను కనిపించాను. నా పేరు చెప్పేశాడు. విశ్రాంతి వేళ ఏదంటే, అందరిదీ ఎట్లుంటే మాదీ అట్లనే అన్నాడు. మున్షీ అప్పుడే బట్టల దుకాణం పని చూసుకుని వచ్చాడు. అక్కడ రాసిన ఒంటిగంట నుంచి రెండింటి దాకా అన్నదాన్నే మాకూ దింపాడు. ఆ ఎండలో బట్టలు కొనడానికి ఎవరూ రారు, వాళ్ళకు బాగానే ఉంటుంది. మా దగ్గర గనుల్లో రెండో షిఫ్టుకు పోయేవాళ్ళంతా వచ్చి తినేది సరిగ్గా ఆ గంటలోనే. ఈ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. హిందీలో ఉన్న ఆ పలకను దుమ్ము దులపడానికి తప్ప మేం ఎన్నడూ చూసింది లేదు.

ఒకనాడు మధ్యాహ్నం జీపు ఆగింది. దుకాణాలు తనిఖీ చేసే లేబర్ సాబ్ దిగి, ఎవరినీ పలకరించకుండా గోడ చదివాడు. తరువాత చేతి గడియారం చూశాడు. ఆ తరువాత సాంబారు బకెట్టుతో నిలబడ్డ నన్ను చూసి, ఈమె ఎవరని హిందీలో అడిగాడు. నా భార్య అని ఉంటే అంతటితో పోయేది. కాగితంలో ఏముందో నోట్లోనూ అదే రావాలని మున్షీ నేర్పిపెట్టాడు గనుక మా ఆయన చేతులు కట్టుకుని “నౌకర్, సాబ్” అన్నాడు. (నాతో ఏడడుగులు నడిచిన మనిషి. బెంచీల మీది డ్రైవర్లు పళ్ళాల్లోకి తలలు దించుకుని నవ్వారు.) నౌకర్ అయితే ఇది ఆమె విశ్రాంతి వేళ కదా, పని ఎందుకు చేయిస్తున్నావు, కూర్చోబెట్టు అని సాబ్ గద్దించాడు.

కూర్చున్నాను. అంతవరకు గల్లాపెట్టె దగ్గర తప్ప ఎక్కడా కనిపించని మా ఆయన బకెట్టు ఎత్తాడు. సాంబారు అడిగినవాడికి మజ్జిగ పోశాడు. అప్పడం తిన్నవాడికి మళ్ళీ అప్పడం వేశాడు. సాబ్ టీ తెప్పించుకుని అక్కడే ఉన్నాడు. (డబ్బులిచ్చే తాగాడు, ఆ మాట చెప్పాలి.) మీ నౌకర్ తిన్నదా అని కూడా అడిగాడు. మా ఆయన వచ్చి నా ముందు పళ్ళెం పెట్టి, అన్నం వేసి, పప్పు గరిటె నిండా ముంచాడు. “సగం చాలు. అందరికీ ఇట్లనే పోస్తున్నవా ఏంది?” అని గొణిగాను. ఆయన సాబ్ వైపు చూస్తూ ఇంకో గరిటె పోశాడు.

అన్నం మీద పొగ లేస్తోంది. రోజూ నాకు దొరికేది అందరూ తినిపోయాక గిన్నె అడుగున గట్టిపడ్డ అన్నం, అదీ నిలబడే తినేదాన్ని. కూర్చుంటే మళ్ళీ లేవడానికి నడుము ఒప్పుకునేది కాదు. ఆ నెలల్లో సాయంత్రానికి పాదాలు పొంగి మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయేవి. ఆ రోజు సాయంత్రం చూసుకుంటే మెట్టెలు సులువుగా తిరిగాయి. సర్కారు నాకంటూ ఎన్నడైనా ఏమైనా ఇచ్చిందంటే అదొక్కటే.

మరునాడు సాబ్ లేడు, జీపు లేదు. ఒంటిగంట కాగానే నేను బకెట్టు దించి, పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వేళాకోళం అనుకుని నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. వచ్చినవాళ్ళు కొంతసేపు చూసి, డ్యూటీ వేళ దాటిపోతుందని ఎదురు హోటల్‌కు పోయారు. వండిన అన్నం మిగిలింది. మెతుకు పారేస్తే నాకు ప్రాణం పోయినట్టుంటుంది, అయినా లేవలేదు. ఆ సాయంత్రం జరిగిందే మొదట చెప్పిన పోట్లాట.

ఇప్పుడు ఆ హోటల్ మా పెద్దవాడిది. కొత్త చట్టం వచ్చిందట, మా వంటి చిన్న దుకాణాలకు ఆ లైసెన్సూ పలకలూ ఏవీ అక్కర్లేదట. వాడు సంబరంగా అన్నీ పీకేశాడు. మంచి పనే. అంత తిరుగుడు, అన్ని ముద్రలు, పూటకూటి హోటల్‌కు ఎందుకు? మళ్ళీ పెట్టమని ఎవరైనా వస్తే నేనే అడ్డం నిలబడతాను. అయితే గోడ ఖాళీ అయిన ఆ మధ్యాహ్నం మా కోడలు వంటింటి గడపలో నిలబడి, ఒక కన్ను బెంచీల మీద ఉంచి గబగబా మింగుతోంది. కూర్చుని తినమన్నాను. “నేను కూసుంటే వాళ్లకు ఎవరు పెడతరు అత్తమ్మా?” అంది. అప్పట్లో మా ఆయన అడిగిందీ ఇదే.

ఆ సాయంత్రం మా ఆయనతో పోట్లాడిన పిల్లను, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే నవ్వొస్తుంది. అక్షరం చదవలేని పలక వైపు వేలు చూపించి వాదించింది, సర్కారంతా తన వెనక నిలబడి ఉన్నట్టు. మా ఆయన చెడ్డవాడు కాడు. ఇప్పుడు లేడు కూడా. చివరికి “సరే, నీ ఇష్టం” అని ఊరుకున్నాడు. గెలిచాననుకుని హాయిగా పడుకున్నాను.

తెల్లారి ఆయన మున్షీని వెంటబెట్టుకుని మొదటి బస్సుకు దంతెవాడ పోయి, నౌకర్ల గడిలో నా పేరు కొట్టేయించుకుని, భోజనాల వేళకు ముందే తిరిగి వచ్చాడు. గడి ఖాళీగా ఉందని కాగితం ఎవరూ తిప్పి పంపలేదు. రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను వడ్డించాను.