బొట్టు పెట్టుకున్న ఇరవై నాలుగో కార్డు

బిస్కెట్ల రేకు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ రెండు వాసనలు వస్తాయి. ఒకటి బబుల్‌గమ్ మీద చల్లే తియ్యటి తెల్ల పొడిది, రెండోది పసుపుది. కెనడాలోని హామిల్టన్‌లోనే మూడు ఇళ్లు మారాను కాని, ఆ డబ్బాను ఏనాడూ సామాను లారీలోకి ఎక్కించలేదు. మూడుసార్లూ ఒళ్లో పెట్టుకునే వచ్చాను. అందులో ఒక జట్టు బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులున్నాయి. పక్కనే ఒక రూళ్ల నోటుపుస్తకం: కార్డు నంబరు, దొరికిన తేదీ, ఎవరి దగ్గర, ఎలా ఉంది అని నాలుగు గడులు. జట్టుకు ఇరవై నాలుగు కార్డులు. మొన్న శనివారం దాకా పుస్తకంలో లెక్కకు వచ్చినవి ఇరవై మూడు.

నాన్నకు ఇక్కడి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. పెరట్లో ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద మసి పడుతుందని అమ్మ రోజూ గాలి ఎటు వీస్తోందో చూసుకుని బట్టలు ఆరేసేది. ఏప్రిల్‌లో మంచు కరిగి బడి వెనక గోడ కింద బురద తేలగానే, వీధి మూల కొట్లో కొత్త కార్డుల పొట్లాలు దిగేవి. మైనపు కాగితం విప్పితే ఐదు కార్డులు, వాటి మీద అట్టముక్కలా బిగుసుకున్న గులాబీరంగు బబుల్‌గమ్. కార్డుకు ముందు ఆటగాడి బొమ్మ, వెనక సన్నటి అక్షరాల్లో అతను ఎన్నిసార్లు బ్యాటు పట్టాడు, ఎన్నిసార్లు కొట్టాడు అన్న లెక్క. నేను భాగహారం నేర్చుకున్నది ఆ కార్డుల వెనకే.

బబుల్‌గమ్‌ను అమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు. "అందులో ఏ జంతువు కొవ్వు కలిపారో ఏమో, నోట్లో పెట్టావంటే చూడు" అనేది. పెట్టలేదు. ఆ ముక్కలన్నీ జాగ్రత్తగా బడికి తీసుకెళ్లి, ముక్కకు ఒక కార్డు చొప్పున మార్చుకునేదాన్ని. కొట్లో కొన్నది తక్కువ, అమ్మ పట్టింపు వల్ల సంపాదించింది ఎక్కువ. వేసవి సెలవులు వచ్చేసరికి ఇరవై మూడు చేరాయి.

మిగిలింది ఆ జట్టులోకెల్లా గొప్పవాడు. టోపీ వెనక్కి తోసుకుని, విశాలమైన నుదురు ఎండకు పెట్టి, భుజాన బ్యాటుతో నిలబడి ఉంటాడు. ఆ కార్డు మా బడి మొత్తానికి ఒకటే ఉండేది, అదీ మా క్లాసు టోనీ దగ్గర. బబుల్‌గమ్‌కు అతను లొంగలేదు. గోడాట ఆడి గెలుచుకోమన్నాడు. పది అడుగుల దూరం నుంచి మామూలు కార్డులు విసరాలి, ఎవరిది గోడకు దగ్గరగా పడితే వాళ్లదే ఆ విసురు. "ఆడపిల్లవి, నీకేం వస్తుంది?" అన్నాడు. ఆ వేసవంతా మా ఇంటి నేలమాళిగలో, పచ్చళ్ల జాడీల అరకు ఎదురుగా ఉన్న గోడకేసి రోజుకు వంద విసుర్లు విసిరాను. తక్కువైన రోజు లేదు.

అక్టోబరులో మేపుల్ ఆకులు ఎర్రబడి, బేస్‌బాల్ ఆఖరి పోటీలు రేడియోలో హోరెత్తుతున్న వారం, శుక్రవారం మధ్యాహ్నం ఆడాం. ఇరవై ఒక్క విసుర్లలో నావి పన్నెండు. కార్డు నా చేతికొచ్చింది. టోనీ ముఖం కందగడ్డ అయింది. ఓడినవాడు అడిగితే అదే కార్డు పందెంగా ఇంకోసారి ఆడాలి, అది బడిపిల్లల నియమం. సోమవారానికి ఒప్పుకున్నాను.

ఆ ఆదివారమే మా ఇంట్లో సరస్వతీ పూజ. వంటింటి బల్ల మీద నా పుస్తకాలు పేర్చి, అన్నిటికన్నా పైన ఆ కార్డు పెట్టాను. సోమవారం కూడా నేనే గెలవాలని. నైవేద్యానికి పులిహోర, పరమాన్నం; కొబ్బరికాయ దొరకక బదులు పెట్టిన ఆపిల్ పళ్లు. అమ్మ ఒక్కొక్క పుస్తకానికీ పసుపు రాసి, తడి కుంకుమ బొట్టు పెడుతూ పైనున్న కార్డు దాకా వచ్చింది.

"ఈయనెవరే?"

"అందరికన్నా గొప్ప ఆటగాడమ్మా."

"అంత గొప్పవాడిని దేవుడి దగ్గర కూర్చోబెట్టి, నుదురు బోసిగా వదిలేస్తే ఎట్లాగే?"

నేను అరిచేలోపే వేలు పడింది. పసుపు, దాని మీద కుంకుమ, సరిగ్గా నుదుటి మధ్య. తుడవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. పూజలో పెట్టినవి మర్నాడు ఉదయం దాకా ముట్టుకోకూడదు. తడి అట్టలోకి ఇంకుతుంటే చూస్తూ కూర్చున్నాను. నాన్న, "పోనీ, ఆ ఆటగాడికి మన ఆచారం వర్తించదేమో" అని గొణిగితే, "మీరు ఊరుకోండి" అంది అమ్మ.

సోమవారం టోనీ కార్డు చూసి, "రక్తమా?" అన్నాడు. ఆడమని పట్టుబట్టాను. నియమం నియమమే అన్నాను. "పాడైపోయినదాని కోసం ఎవడాడతాడు? నువ్వే ఉంచుకో" అని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి నాలుగో గడిలో రాశాను: "పాడైంది. లెక్కలోకి రాదు." వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఎప్పటికైనా మచ్చలేనిది కొని తీరతానని ఒట్టు పెట్టుకున్నాను.

యాభై ఎనిమిదేళ్లు వెతికాను. అంగళ్లు, సంతలు, టొరంటో ప్రదర్శనలు. దొరికినవాటికి మూల నలిగి ఉండేది, లేదా గీత పడి ఉండేది. అలాంటివి నాకు అక్కర్లేదు. మొన్న శనివారం, కెనడాలోనే ఉన్న లండన్‌లో చదువుకుంటున్న మనవరాలు నీహారిక, ఆ ఊళ్లోనే ఒక పాత కార్డుల షాపులో అలాంటి కార్డు ఉందని తెలుసుకుని నన్ను డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. దుకాణదారు ముందు నా కార్డు చూసి, ఏదో ద్రావకంతో ఆ మరక పోగొట్టవచ్చన్నాడు.

"అమ్మమ్మా, క్లీన్ చేయించేద్దాం. ఫిఫ్టీ ఎయిట్ ఇయర్స్ ఆఫ్ డ్రామా ఫినిష్!" అంది నీహారిక.

"మరకను గురించి అడగడానికి రాలేదు. ఆ రెండోది చూపించమను" అన్నాను.

చూపించాడు. నాలుగు మూలలూ పదునుగా ఉన్నాయి, మీద గీత లేదు. భూతద్దం పెట్టి వెనక లెక్క కూడా సరిచూశాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ముందుకు తిప్పాను. అదే ఎండ, అదే బ్యాటు. నుదురు మాత్రం బోసిగా ఉంది. భూతద్దం నా కార్డు మీదికి జరిపాను. ఎండిన కుంకుమలో అమ్మ వేలి గీతలు, వరసగా, సన్నగా.

కొనలేదు. నీహారిక కారెక్కేదాకా గొణుగుతూనే ఉంది.

బడి వెనక గోడను కూల్చి కార్లు పెడుతున్నారు. బబుల్‌గమ్‌తో వచ్చే పొట్లాలు ఇప్పుడెక్కడా కనబడవు. అమ్మ లేదు. ఇంటికి రాగానే నోటుపుస్తకం తెరిచి, తొమ్మిదేళ్ల పిల్ల రాసిన రెండు వాక్యాలనూ స్కేలు పెట్టి కొట్టేశాను. నాలుగో గడిలో "బొట్టు ఉంది" అని రాసి, తేదీ వేశాను. కింద మొత్తం ఇరవై నాలుగు.