అయిదు నిమిషాలాగి మళ్ళీ చేయండి

మహబూబ్‌నగర్‌లో మేమున్న వీధికంతటికీ ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. తర్వాత ఇంకో రెండిళ్ళకు వచ్చింది కానీ, పక్కవాళ్ళ ఫోన్లకు తలుపు తీసే ఓపిక వాళ్ళకు లేదు. మా నాన్నను బాపు అనేవాళ్ళం, రిటైరైన బడిపంతులు. ఎవరడిగినా మా నంబర్ ఇచ్చుకోమనేవాడు. పెళ్ళి పత్రికల మీద, దుకాణాల బోర్డుల మీద, ఉద్యోగాల దరఖాస్తుల్లో మా నంబర్ వేసి పక్కన పీపీ అని రాసుకునేవారు. ఆ పీపీకి అర్థమేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. పక్కింటి ఫోన్ అని మాత్రం అందరికీ తెలుసు.

దానికొక పద్ధతి ఉండేది. ఫోన్ మోగితే బాపు ఎత్తి, ఎవరు కావాలో అడిగి, "అయిదు నిమిషాలాగి మల్ల చెయ్యుండ్రి, పిలిపిస్త" అని పెట్టేసేవాడు. పిలిపించడమంటే నేను ఉరకడం. తొమ్మిదో తరగతిలో మొదలైన ఆ ఉరుకుడు, డిగ్రీ అయి కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే నాటికి కూడా తప్పలేదు. పంజాబీ డ్రెస్ చున్నీ సర్దుకుంటూ పోయి జనాన్ని పిలుచుకొచ్చేదాన్ని. ఇంకో నియమం కూడా ఉంది. మళ్ళీ చేస్తామన్న ఫోన్ కోసం చూసేటప్పుడు రిసీవర్ ఎవరూ ముట్టుకోకూడదు. ఎత్తి చూసిన క్షణంలోనే అవతలివాళ్ళకు ఎంగేజ్ వస్తుందని బాపు భయం.

తొంభైల చివర్లో మా సెంటర్ యజమానికి ఇంటర్నెట్ మీద మనసు పోయింది. ఒక్క కనెక్షన్‌ను ఆరు కంప్యూటర్లకూ పంచాలంటే విండోస్ బదులు లినక్స్ ఉండాలని ఎవరో చెప్పారట. ఒక పాత కంప్యూటర్, పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నా చేతిలో పెట్టి, సెంటర్‌కింకా ఫోన్ రాలేదు కాబట్టి మీ ఇంట్లోనే ప్రయత్నించమన్నాడు. "నీతోటి కాకుంటె చెప్పు, హైదరాబాద్ నుంచి ఎవరినన్న పిలుస్త" అని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే నేను రెండో రోజే వదిలేసేదాన్నేమో. నాకు మొండితనం ఎక్కువ. కాదన్న పని మీదికే చెయ్యి పోతుంది.

మొదటి మూడు రోజులు కంప్యూటర్‌ను ఫోన్ లైనుతో కలపడానికి దాని లోపల ఉన్న మోడెమ్ కార్డుతోనే కుస్తీ పట్టాను. ఆ రకం కార్డు విండోస్‌లో తప్ప పనిచేయదని నాలుగో రోజు తెలిసింది. సెంటర్ యజమానిని బతిమాలితే ఎవరి దగ్గర్నుంచో బయట పెట్టుకునే మోడెమ్ తెచ్చిచ్చాడు. నల్లటి చిన్న డబ్బా, ముందువైపు వరసగా ఎర్ర దీపాలు. ముందు గదిలోని ఫోన్ దగ్గర్నుంచి నడింట్లోకి వైరు లాగి దానికి తగిలించాను. సెంటర్లో ముద్రించుకొచ్చిన ముప్పై పేజీల గైడును ఒళ్ళో పెట్టుకుని, చెప్పినదల్లా అక్షరం పొల్లుపోకుండా టైప్ చేసేదాన్ని. ఏ పేజీ ఎంత అర్థమయిందో నాకే తెలియదు.

మొదటిసారి మోడెమ్ కీచుమని అరిచినప్పుడు బాపు పేపర్ వదిలేసి వచ్చాడు.

"గిదేం చప్పుడే, పిల్లిని తొక్కినట్టు? బందు చెయ్యి జర."

దాని గొంతు నొక్కే ఆదేశం గైడులో ఉంటే అదీ టైప్ చేశాను. ఇల్లు నిమ్మళించింది. కానీ లైను నాలుగు నిమిషాలు కూడా నిలిచేది కాదు. కలవడం, తెగడం, మళ్ళీ మొదట్నుంచి టైప్ చేయడం. విసిగిపోయి వెతికితే గైడులో ఒక మాట దొరికింది. దాన్ని ఫైల్లో చేరిస్తే, లైను తెగినప్పుడల్లా కంప్యూటరే తనంతట తాను మళ్ళీ డయల్ చేస్తుంది. ఎంత సంబరపడ్డానో! నా బదులు ఉరికేవాళ్ళు దొరికినట్టనిపించింది.

నాలుగిళ్ళ అవతల ఒక దర్జీ కుటుంబం ఉండేది. మా చిన్నప్పటి నుంచి ఆయన్ని చాచా, ఆమెను చాచీ అనే పిలిచేవాళ్ళం. నా మొదటి లంగా జాకెట్ నుంచి అప్పటి పంజాబీ డ్రెస్సుల దాకా అన్నీ చాచా కుట్టినవే. షుగర్ ముదిరి ఆయన కాలికి పుండు పడింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చేర్చారు. తోడుగా చాచీ తమ్ముడు వెళ్ళాడు. మంచాన పడ్డ అత్తను వదిలి చాచీ కదలలేకపోయింది.

ఒక సాయంత్రం ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. చాచీని పిలిపిస్తానని బాపు అంటే, అంత సమయం కూడా లేదన్నాడు.

"డాక్టర్లు కాలు తియ్యాలంటున్నరు సార్. మా బావ సంతకం పెడ్తలేడు. అక్కను అడిగినంకనే పెడ్తనంటున్నడు. రేపు పొద్దుగాల పదింటికెల్లి పన్నెండు దాంక ఎప్పుడన్న చేస్త. అక్కను ఆలోచన చేసి పెట్టుకొమ్మనుండ్రి."

ఆ కబురు చాచీకి చేరవేసింది నేనే. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. "ఆలోచన చేస్త బేటా. ఫోన్ రాంగనే పిలువు" అంది. తర్వాత మా అమ్మ వెళ్ళి అడిగినా ఏమనుకుందో చెప్పలేదట.

మర్నాడు పొద్దున్నే లేచి నేను మోడెమ్ ముందు కూర్చున్నాను. సరిగ్గా పదింటికి బాపు వచ్చి నిలబడ్డాడు.

"ఇగ బందు చెయ్యి. చాచీకి ఫోన్ వస్తది."

లైను తెంపే ఆదేశం టైప్ చేశాను. లైను కలిస్తే వెలిగే ఎర్ర దీపం ఆరిపోయింది. "బందు చేసిన బాపు" అని, కంప్యూటర్ ఆపకుండా తెర మాత్రం ఆర్పేసి, మోడెమ్‌తో సహా అన్నిటి మీదా గుడ్డ కప్పి వంటింట్లోకి వెళ్ళాను. నేను నిజమే చెప్పాననుకున్నాను. ఇప్పటికీ నన్ను కాస్త ఊరడించేది ఆ ఒక్కటే.

నేను తెంపినా ఆ కంప్యూటర్‌కు అది లైను తెగినట్టే. తెగితే మళ్ళీ చేయమని నేనే రాసి పెట్టాను. అర నిమిషం ఆగి అది డయల్ చేసింది. పొద్దుటి పూట ఇంటర్నెట్ నంబర్ ఎప్పుడూ ఎంగేజే. తగలకపోతే వదిలి, కాసేపాగి మళ్ళీ చేసింది. గొంతు నొక్కేశాను కదా, ఎవరికీ వినపడలేదు.

పదీ నలభైకి ఫోన్ మోగింది. బాపు ఎత్తగానే చాచీ తమ్ముడి గొంతు నాకు కూడా వినిపించేంత గట్టిగా వచ్చింది.

"ఎంతసేపటికెల్లి చేస్తున్న సార్, ఎంగేజే వస్తున్నది! జల్ది పిలువుండ్రి. పదకొండింటికి లోపటికి తీస్కపోతమంటున్నరు."

"లైన్లు గట్లనే ఉన్నయి. అయిదు నిమిషాలాగి మల్ల చెయ్యి, పిలిపిస్త" అని బాపు పెట్టేశాడు.

లైను పట్టుకొని ఉండమని చెప్పి ఉండొచ్చు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా అన్నది లేదు, ఆ రోజూ తోచలేదు. నేనప్పటికే గడప దాటి ఉరుకుతున్నాను. చాచీ అత్తకు జావ తాగిస్తోంది. నన్ను చూడగానే గిన్నె కింద పెట్టేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ నా వెనకే ఉరికొచ్చింది. ఇద్దరం రొప్పుతూ ఫోన్ ముందు నిలబడ్డాం.

ఫోన్ మోగలేదు. అమ్మ కుర్చీ వేసినా చాచీ కూర్చోలేదు. గోడ గడియారం పదకొండు కొట్టింది. బాపు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "జర ఎత్తి చూస్త బాపు" అన్నాను. "ముట్టకు! గప్పుడే చేస్తుంటె ఎంగేజ్ వస్తది" అని కసిరాడు. అందరం ఆ ఫోన్‌ను చూస్తూ, దాన్ని ముట్టుకోవడానికి భయపడుతూ నిలబడ్డాం. చాచీ పెదాలు కదులుతున్నాయి. దువా చదువుతోందో, చెప్పాల్సిన మాటను తనలో తాను చెప్పుకుంటోందో నాకు తెలియలేదు.

పదకొండున్నరకు ఆమెకు మంచినీళ్ళు తేవడానికి నడింట్లోంచి వెళ్ళాను. గుడ్డ కింద ఎరుపు కనిపించింది.

గుడ్డ తీశాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఒకటి టకటకా కొట్టుకుంటోంది. గోడలోంచి వైరు పీకేశాను. తెర వెలిగించి చూస్తే లైను కలిసి యాభై నిమిషాలయింది. బాపు ఫోన్ పెట్టేసిన మరుక్షణం, ఖాళీ దొరికిందని, అది దూరింది. వారం రోజులుగా నాలుగు నిమిషాలు నిలవని లైను ఆ రోజు యాభై నిమిషాలు నిలిచింది. దానికోసమే కదా నేను వారం నుంచి దేవుళ్ళందరికీ మొక్కుతున్నది!

నీళ్ళ గ్లాసు తెచ్చి చాచీకి ఇచ్చాను. నోరు తెరవలేదు. ఇప్పుడైనా మోగుతుందేమో, మోగితే ఇక ఏమీ చెప్పనక్కర్లేదు కదా అని లోపల లెక్క వేసుకుంటున్నాను. పన్నెండు దాటింది. "ఇగ రాదు" అని చాచీ వెళ్ళిపోయింది.

సాయంత్రం చాచీ తమ్ముడు ఫోన్ చేస్తే చాచీని పిలుచుకొచ్చాను. కాలు మోకాలి కిందికి తీసేశారని అతను చెప్పాడు. ఆ మాట విని చాచీ ఒక్కటే అడిగింది, "సంతకం ఆయననే పెట్టిండా?" అని. పెట్టాడన్నాడు. చాచీ ఫోన్ బాపు చేతికిచ్చి, కొంగు తల మీదికి లాక్కుని ఇంటికి పోయింది.

"ఎక్స్‌చేంజోల్లను తిట్టాలె. ఇంత అక్కెరున్న పూట లైన్ ఇయ్యకపాయె" అన్నాడు బాపు. నేను పళ్ళెం ముందు తలవంచుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మళ్ళీ డయల్ చేయమన్న ఆ మాటను ఆ రాత్రే ఫైల్లోంచి తీసేశాను. దానివల్ల ఎవరికేం లాభమో నాకే తెలియదు. చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు. నేను పిరికిదాన్నని అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు చాచీ అత్తను మా అమ్మకు అప్పగించి హైదరాబాద్ వెళ్ళింది. మూడో రోజు తిరిగొచ్చి మా ముందు గదిలో అమ్మ దగ్గర కూలబడింది. అంతకు ముందెప్పుడూ మా ఇంట్లో ఆమె ఏడవగా చూడలేదు.

"నాతోటి మాట్లాడ్తలేడు వదినా. అటు దిక్కు తిరిగి పండుకుంటున్నడు. 'పిలువవోయిండ్రని చెప్పిండ్రు, మల్ల చేస్తె అర్ధగంట ఎంగేజ్. కాలు తియ్యిమని నీ నోటితోటి చెప్పుడు ఇష్టం లేక ఫోన్ తీసి పక్కకు పెట్టించినవు. నన్నొక్కన్ని ఇడ్సిపెట్టినవు' అన్నడు. గంతే. మల్ల నోరు ఇప్పలేదు."

నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. దీపాలు, వైరు, యాభై నిమిషాలు, నీళ్ళు తెచ్చేటప్పటికే నాకు తెలుసన్న సంగతి కూడా.

బాపు నా దిక్కు చూడలేదు. "ఇన్నేండ్లల్ల నా ఫోన్ మీద ఒక్కలకు గూడ గిట్ల కాలే" అన్నాడు నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది.

చాచీ కళ్ళు తుడుచుకుంది. ఆమె తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని చూశాను. "నాతోటి చెప్తె ఏం ఫాయిదా?" అంది. "రేపు పొద్దుగాల నాతోటి బస్సెక్కు. ఆయనతోటి చెప్పు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మోడెమ్ అంటే ఏమిటో దర్జీకి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. జడ్చర్ల దాటేసరికి ఒకటి బాగుందనిపించేది, షాద్‌నగర్ వచ్చేసరికి అదంతా తప్పించుకునే మాటల్లాగే వినిపించేది. చాచీ టిఫిన్ డబ్బా ఒళ్ళో పట్టుకుని ముందుకే చూస్తోంది.

వార్డులో చాచా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి ఒకవైపు మోకాలి కింద చదునుగా పడి ఉంది. దాన్ని చూడకూడదనుకుంటూనే చూశాను. చాచీ మంచం కాళ్ళవైపు నిలబడిపోయింది. నేను ముందుకు వెళ్ళాను. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"చాచా, ఆ రోజు ఎవ్వరు ఫోన్ పక్కకు పెట్టలే. నేను కంప్యూటర్‌కు ఫోన్ వైరు తలిగించిన. అదే లైన్ పట్టుకున్నది. చాచీకి తెల్వదు. బాపుకు గూడ తెల్వదు. తప్పు నాదే."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"మిషిన్ దానంతట అదే ఫోన్ చేస్తదా?"

"చేస్తది చాచా. చెయ్యమని నేనే రాసిన."

"నా మిషిన్ తొక్కకుంటె నడ్వదు" అన్నాడు. నమ్మలేదేమో అనుకున్నాను. ఏమేమో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గదంత నాకెందుకు. ఈమె వచ్చిందా?"

"వచ్చింది. నేను పిలవంగనే ఉరికొచ్చింది."

"ఎంతసేపున్నది?"

"పన్నెండు దాటిందాంక. కుర్సీ ఏసినా కూసోలే. ఫోన్ పక్కనే నిలబడ్డది."

చాచా చాచీ వైపు చూశాడు. ఆమె ఆ రోజు ఏం చెప్పబోయిందో, సంతకం పెట్టమనో వద్దనో, అడుగుతాడనుకున్నాను. అడగలేదు. రెండు చేతులూ పరుపు మీద ఆనించి, నొప్పికి పళ్ళు బిగబట్టి, ఉన్న కాలితో ఒళ్ళు లాక్కుంటూ గోడవైపు జరిగాడు. మంచం మీద ఒక మనిషికి జాగా అయ్యింది.

"ఇంక ఎంతసేపు నిలబడ్తవు, కూసో" అన్నాడు.

చాచీ కూర్చుంది. నేను వరండాలోకి వచ్చి, ఎవరేమనుకున్నా సరేనని, గట్టిగా ఏడ్చాను.