లోపల పాలిష్ వేయని పెట్టె

మా అత్త తన పెళ్లికి తానే మగ్గం మీద నేసుకున్న ధర్మవరం పట్టుచీరకు బీరువాలో పురుగు పట్టింది. మొదట కుచ్చిళ్ల దగ్గర ఒక చిల్లు, తర్వాత అంచున ఇంకొకటి. ఆమె చూపు ఇప్పుడు మగ్గానికి ఆనదు. అట్లాంటి చీర మళ్లీ నేయడం ఆమె వల్ల కాదు. దాన్ని కాపాడి తీరాలనుకున్నాను.

నాకు చదువు ఇంట్లోనే నాయన చెప్పాడు. ఆయన పారాయణ పుస్తకాలు చిన్న దేవదారు పెట్టెలో ఉండేవి. మూత తీస్తే వాసన ముందొచ్చేది, అక్షరాలు తర్వాత. ఆ వాసనకు ఏ పురుగూ వాటిని ముట్టలేదు.

అందుకే దేవదారు కోసం హిందూపురం టింబర్ డిపోలన్నీ తిరిగాను. టేకు తీసుకోమన్నారు, ప్లైవుడ్ చూపించారు. చివరికి ఒక షెడ్డు వెనక, ఏదో పాత బంగళా విప్పినప్పుడు వచ్చిన పలకలు కనిపించాయి. పైనంతా మసి. గోటితో గీరితే తేనె రంగు, నాయన పెట్టె వాసన. అక్కడే కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను.

పెనుకొండ వడ్రంగికి ఆ చెక్క నచ్చింది. తేలిక, మెత్తన. మేకు కొడితే చీలుతుందని ముందు రంధ్రాలు వేసి మరలు బిగించాడు. పాలిష్ వద్దంటేనే మొండికేశాడు.

"పాలిష్ లేకుంటే ఇది నా పనేనని ఎవురు నమ్ముతారక్కా? నగుతారు."

"పైన నీ ఇష్టమప్పా. లోపల మాత్రం బ్రష్షు ఆనకూడదు. వాసన మూసుకపోతే అది ఉత్త పెట్టె."

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

పెట్టె ఇంటికొచ్చిన రోజు నేను సోమందేపల్లికి పోయి వచ్చేలోపల, అత్త దాని లోపలంతా ఆముదంలో కలిపిన పసుపు పూసింది. గడపైనా మగ్గమైనా, కొత్తదేదొచ్చినా మా ఇంట్లో ముందు పసుపే. దేవదారు వాసన అణిగిపోయింది. ఆ నూనె పట్టుకు తగిలితే మరక పోదు.

"వట్టిగా పెట్టకూడదని పూసినా గదమ్మీ," అంది అత్త, నా ముఖం చూసి.

తన చీర చల్లగా ఉండాలనే కదా పూసింది. ఉప్పుకాగితం తెచ్చి, పెట్టెలోకి వంగి చెక్కను రుద్దడం మొదలుపెట్టాను. నూనె లోతుకు ఇంకకముందే పోవాలి. భుజాలు లాగినా ఆపలేదు. రాలిన పొడిని అత్త పాతగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. పొద్దు వాలేవేళకు అడుగున తేనె రంగు తేలింది. ఆమె వంగి పీల్చింది.

"వస్తాండాది," అంది.

దేవదారు జిడ్డు కూడా నేరుగా పట్టుకు ఆనకూడదని, చీరను ఉతికిన తెల్ల పంచెలో చుట్టి పెట్టాం.

వానలు వెనకబట్టాక తెరిచాం. అత్త ప్రతి మడతనూ వేళ్లతో తడిమి, కొత్త చిల్లు యాడా లేదని చెప్పింది. ఇప్పుడు ఏటా ఉగాదికి ముందు లోపలివైపు నేను కాసేపు ఉప్పుకాగితం రుద్దుతాను. వాసన మళ్లీ లేస్తుంది. పసుపు అత్తే పూస్తుంది, మూత పైన.